గుయ్యిమని ఆగిపోయే కంప్రెసర్

ప్రశ్న: మాది ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ రకం కాదు. బయటి యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతోంది. కంప్రెసర్ మాత్రం నాలుగైదు సెకన్లు గుయ్యిమని ఆగిపోతోంది, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరస. కంప్రెసర్ పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు మెకానిక్. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అప్పుడే ఒప్పుకోకండి. చప్పుడు వస్తోందంటే దానికి కరెంటు అందుతోంది, తిరగలేకపోతోంది. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌ని, అంటే కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే భాగాన్ని. దాని ధర కొన్ని వందలే.

రిమోట్‌తో కాదు, ఏసీకి కరెంటిచ్చే ఎంసీబీ స్విచ్ దించి పని మొదలుపెట్టించండి. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది, అది మంచిది కాదు. 20 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని కెపాసిటర్ టెర్మినళ్ల మధ్య కొన్ని సెకన్లు తాకిస్తే చాలు. వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేబుల్ మీద 50 మైక్రోఫారడ్లు (కెపాసిటర్ సామర్థ్యపు కొలత), 5 శాతం తేడా అని ఉంటే, మీటర్‌లో 47.5 కంటే తక్కువ చూపినా, పైమూత ఉబ్బినా మార్చేయాలి. కొత్తదీ అంతే మైక్రోఫారడ్లు ఉండాలి. వోల్టేజి పాతదానికి తగ్గకూడదు. 'దగ్గర్లో ఉన్నది వేసేద్దాం' అంటే వద్దనండి.

కెపాసిటర్ బాగుంటే, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో బయటి యూనిట్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజి చూడమనండి. మామూలుగా 230 ఉండి ఆ క్షణంలో 180కి పడిపోతుంటే తప్పు కంప్రెసర్‌ది కాదు. సన్న వైరో, మాడిన టెర్మినలో, వేసవి సాయంత్రాల లో వోల్టేజో కారణం.

ఆ తర్వాతే వైండింగ్, అంటే కంప్రెసర్ మోటారులోని తీగచుట్టలు. కరెంటు ఆపి, కంప్రెసర్ మీది సి (కామన్), ఆర్ (రన్), ఎస్ (స్టార్ట్) పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. సి-ఆర్, సి-ఎస్ విలువలు కలిపితే ఆర్-ఎస్ విలువ రావాలి: 2, 3 వస్తే మూడోది 5. ఆర్-ఎస్ మధ్య రీడింగ్ వచ్చి, సి నుంచి రెండింటికీ రాకపోతే లోపలి ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు తెంచే రక్షణ స్విచ్) తెరుచుకుని ఉండొచ్చు. చాలా మెకానిక్‌లు 'కాలిపోయింది' అనేది ఇక్కడే. వేడి పూర్తిగా తగ్గేదాకా, గంటో రెండు గంటలో ఆగి మళ్లీ కొలవాలి. ఏ పిన్నుకైనా కంప్రెసర్ బాడీతో కనెక్షన్ కనిపిస్తే మాత్రం వైండింగ్ పోయినట్టే. కనెక్టర్లను బలంగా లాగకూడదు. పిన్ను దగ్గర గాజు సీలు పగిలితే గ్యాస్, ఆయిల్ ముఖం మీదికి చిమ్ముతాయి.

ఇవన్నీ సరిగా ఉండి, కొత్త కెపాసిటర్‌తోనూ గుయ్యిమంటూ, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో మామూలు 7–8 ఆంపియర్లకు బదులు 30 దాటుతుంటే లోపల బిగుసుకుపోయింది. అప్పుడు మీ మెకానిక్ చెప్పింది నిజమే.

ప్రశ్న: మా ఏసీ అరగంట చల్లగా నడిచి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. గ్యాస్ నింపిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: గది సెట్ చేసిన చల్లదనానికి చేరి ఆగుతోందేమో ముందు చూడండి; అదైతే రోగం కాదు. కాకపోతే వేడెక్కి ఆగుతుండొచ్చు. బయటి కాయిల్‌కు పట్టిన దుమ్ము కడిగించి, ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోందో లేదో చూడండి. సన్న పైపు మీద మంచు కడుతుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది. సబ్బునురగతో పైపులను కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర వెతికి, లీకు మూసి, పైపుల్లోని గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి), యూనిట్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూచి నింపించండి.