నుదుటి పరికరం కన్నా ముందు మాత్రల లెక్క చూడండి

నెలకు 18 రోజులు తలనొప్పి, దాదాపు రోజూ నొప్పి మాత్ర, రెండు వారాలుగా మైగ్రేన్ కోసం నుదుటికి పెట్టుకునే విద్యుత్ పరికరం వాడుతున్నా మార్పు లేదు అని రాశారు. రెండు వారాలు చాలవండీ. నివారణకు రోజూ 20 నిమిషాల చొప్పున మూడు నెలలైనా వాడితే గానీ ఫలితం తేలదు. నుదుటి మీద చిమచిమ మామూలే.

ఈ నుదుటి పరికరం మెదడును నేరుగా తాకదు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడికి కనుబొమల పైన ఉండే కొమ్మలను సన్నని విద్యుత్తుతో ప్రేరేపిస్తుంది. తల వెనుక ఆనించి అయస్కాంత తరంగాలు పంపే పరికరం వేరు. మూర్ఛ ఉన్నవారికి, తలలో లోహపు అమరికలు గానీ గుండెకు పేస్‌మేకర్ గానీ ఉన్నవారికి ఆ అయస్కాంత పరికరం తగదు.

నాకు అసలు అనుమానం మీ మాత్రల మీదే. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే మందులు) 10 రోజులు వాడుతూ పోతే ఆ మందులే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. అది సర్దుకోకుండా ఏ పరికరాన్నీ తప్పుపట్టలేం. అయితే మీ అంతట మీరు హఠాత్తుగా మానేయకండి. నొప్పి వచ్చిన రోజులు, మాత్ర వేసుకున్న రోజులు విడివిడిగా రాసి, ఆ కాగితం న్యూరాలజిస్టుకు చూపించండి.