పుస్తకంలో మిగిలిన మాట నోటికొస్తుందా?

ప్రశ్న: మా జేజి ఎరుకల భాష మాట్లాడుతుంది. నాన్నకు కొంత వచ్చు, నాకు నాలుగు మాటలకు మించి రావు. ఆస్ట్రేలియాలో అంతరించిన ఆదివాసీ భాష ఒకటి పాత పుస్తకం సాయంతో తిరిగి వచ్చిందని విన్నాను. జేజి మాటలన్నీ నోటుపుస్తకంలో రాసిపెడితే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు విన్నది అడిలైడ్ మైదానాల్లోని కౌర్నా ప్రజల భాష గురించి కావచ్చు. 1838లో అక్కడికి వచ్చిన టైకెల్‌మన్, షూర్‌మన్ అనే జర్మన్ మతప్రచారకులు ఆ భాష నేర్చుకొని, 1839లో పిల్లలకు అందులోనే బడి పెట్టి, 1840లో వ్యాకరణంతోపాటు సుమారు 2,000 మాటల పదకోశాన్ని అచ్చు వేయించారు. 1845లో బడి మూతపడి, పిల్లలు ఇంగ్లీషు బడికి తరలిపోయారు. భూములు పోయి, రోగాలు ముసిరి, జనం చెల్లాచెదురయ్యాక భాష ఇళ్లలో వినిపించకుండా పోయింది. అది తెలిసినవారిలో చివరిదిగా చెప్పే ఇవారిట్జి 1929లో మరణించింది.

1990 ప్రాంతంలో కౌర్నా పెద్దలూ భాషావేత్తలూ ఆ పాత పుస్తకాన్నే ముందు పెట్టుకొని పాటలతో, బడి పాఠాలతో మొదలుపెట్టారు. లేని మాటలను ఉన్న మాటలతోనే కట్టారు: మెదడును చెప్పే ‘ముకముక’నూ మెరుపును చెప్పే ‘కంటు’నూ కలిపి కంప్యూటరును ‘ముకంటు’ అన్నారు. మన పత్రికలవాళ్లకు ఇంత ఓపిక ఉంటే ఎంత బాగుండేది!

అయితే పుస్తకం ఇవ్వలేనిది ఉచ్చారణ. మన ల-ళ, న-ణల వంటి భేదాలు ఆ రోమన్ రాతలో నిలకడగా పడలేదు కాబట్టి, ఏ మాట ఎలా పలికేవారో చాలాచోట్ల ఇరుగుపొరుగు భాషలను చూసి ఊహించుకోవలసి వచ్చింది. ఒకప్పుడు కడపలో పనిచేసిన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852లో వెలువడింది, గొప్ప పనే. అయినా తెలుగు నిలిచింది దానివల్ల కాదు, ఇంటింటా మాట్లాడేవారు ఉండటంవల్ల.

అందుకే విడిమాటల పట్టీ కన్నా ముందు, జేజి గొంతును ఫోనులో రికార్డు చేయండి. ‘అన్నాన్ని ఏమంటారు’ అని అడగవద్దు. ఆమె అన్నానికి పిలిచేటప్పుడు, మనవళ్లను తిట్టేటప్పుడు, పాత సంగతి చెప్పేటప్పుడు వచ్చే మాటలను వచ్చినట్టే పట్టుకోండి. మీ నాన్నగారిని పక్కనే కూర్చోబెట్టండి; ఆమెకు ఆ భాషలోనే బదులు చెప్పగలిగినవారు మీ ఇంట్లో ఆయన ఒక్కరే కదా.