మీటింగ్‌లో అరవద్దు అల్లుడూ, తేదీలు అడుగు

అల్లుడూ,

ఎస్సీ, ఎస్టీల మీద జరిగే అత్యాచారాల కేసులు ఎలా నడుస్తున్నాయో చూసే నెల్లూరు జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె సంతోషం వింటే నీకు ఎస్పీ ఉద్యోగమే వచ్చిందనుకున్నా. ఒంగోల్లో ఆ కమిటీలో నేను రెండు విడతలు కూర్చున్నాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

ముందు ఆ కుర్చీ ఏందో తెలుసుకో. 1985 జూలై 17న కారంచేడు జరిగినప్పుడు నేను ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నా. ఇప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలో ఉంది గానీ అప్పుడు మన ప్రకాశమే. ఆరుగురు దళితులను చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని రూల్స్ 1995లో వచ్చాయి, కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఈ తేదీలు ఊరికే చెప్పడం లేదు. నువ్వు కూర్చోబోయే కమిటీ ఆ రూల్స్‌లో 17వ రూల్ కింద పుట్టింది. కలెక్టర్ చైర్మన్, ఎస్పీ సభ్యుడు, సాంఘిక సంక్షేమ శాఖ అధికారి మెంబర్ సెక్రటరీ, ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఉంటారు. వాళ్ళతో పాటు ఎస్సీ, ఎస్టీల నుంచి ఐదుగురికి మించకుండా అనధికార సభ్యులు, అంటే నీలాంటి వాళ్ళు. మామూలు మనిషి ఎస్పీకి ఎదురుగా కూర్చుని "ఈ కేసు ఎందుకు ఆగింది సార్" అని హక్కుగా అడగగలిగే చోట్లు మన దేశంలో చాలా తక్కువ. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో రిటైర్డ్ జడ్జిలతో అథారిటీలు పెట్టమని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది, చాలా రాష్ట్రాలు సగం సగం చేసి ఊరుకున్నాయి. దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకు. చేతిలో ఉన్న కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలని రూల్‌లోనే ఉంది. కూర్చోబెట్టడం నీ మొదటి పని. ఎవరూ పిలవకపోతే మెంబర్ సెక్రటరీకి కాగితం పెట్టు, ఫోన్ కాదు, కాగితం, రసీదు తీసుకో.

నా మొదటి మీటింగ్ చెబుతా విను. కలెక్టరేట్ హాల్లో గుమ్మం దగ్గరే చేతిలో పదహారు పేజీల అజెండా పెట్టారు. ఎప్పుడు చదవాలి దాన్ని? నా పక్కన కూర్చున్న పెద్దాయన చదవలేదు, మిక్చర్ పొట్లం విప్పాడు. అజెండాలో పెద్ద పట్టిక, ఒక గడిలో యూఐ, ఇంకో గడిలో పీటీ అని ఉన్నాయి. నేను పీటీ అంటే డ్రిల్ మాస్టారు అనుకునే రకం. యూఐ అంటే దర్యాప్తులో ఉంది, పీటీ అంటే కోర్టులో ఉంది. "రిఫర్డ్" అని రాస్తే కేసు మూసేశామని అర్థం. అదేందో తెలియకుండానే లేచి అన్యాయం, అక్రమం అని పది నిమిషాలు అరిచాను. మర్నాడు పేపర్లో జిల్లా ఎడిషన్లో నా ఫోటో కూడా వేశారు. మీ అత్త దాన్ని కత్తిరించి దాచింది. కేసులు మాత్రం ఒక్కటి కదల్లేదు.

కేసులు కదిలింది ఎప్పుడో చెప్పనా? కొండపి వైపు పొగాకు బ్యారన్‌లో పనిచేసే ఒకామెను కూలి డబ్బులు అడిగినందుకు కులం పేరుతో తిట్టి కొట్టారు. నేను ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె చీర కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది, ఫిర్యాదు జిరాక్స్ కాపీ. దాని మీద స్టేషన్ రైటర్ వేసిన తేదీ ఉంది. ఎఫ్‌ఐఆర్ మీద తేదీ చూస్తే పంతొమ్మిది రోజుల తర్వాత. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మీటింగ్‌లో ఒకే ప్రశ్న అడిగాను, ఈ పంతొమ్మిది రోజులు ఏం జరిగింది సార్ అని. హాలంతా నిశ్శబ్దం. ఎంక్వైరీ చేశామండీ అని ఒక అధికారి అన్నాడు. 2018 సవరణలో వచ్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందస్తు ఎంక్వైరీ అక్కర్లేదు, అది నేను చదువుకునే వెళ్ళాను.

ఆ కేసే మళ్ళీ చార్జిషీటు దగ్గర ఆగింది. 7వ రూల్ ప్రకారం డీఎస్పీకి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి, దర్యాప్తు, చార్జిషీటు కలిపి అరవై రోజుల్లో అయిపోవాలి, ఆలస్యమైతే కారణం ఆయన రాతపూర్వకంగా ఇవ్వాలి. అడిగితే ఏం చెప్పారో తెలుసా, బాధితురాలి కుల ధ్రువీకరణ పత్రం తహసీల్దార్ ఆఫీసు నుంచి రాలేదట! ఇక్కడే ఉంది అసలు కిటుకు. పోలీసులు రెవెన్యూ మీదకు నెడతారు, రెవెన్యూ వాళ్ళు మాకు లెటరే రాలేదంటారు, కానీ ఈ కమిటీలో ఇద్దరి పై అధికారులూ ఒకే బల్ల దగ్గర ఉంటారు. నేను ఎస్పీని అడగడం మానేసి కలెక్టర్ వైపు తిరిగి, ఆ పత్రం మీ దగ్గరే ఆగిందంట సార్ అన్నాను. ఆయన అక్కడి నుంచే తహసీల్దార్‌కు ఫోన్ చేశారు. నాలుగో రోజుకు పత్రం వచ్చింది. కనుక నెల్లూరులో నీకు మొదట దొరికే ఆలస్యాల్లో సగం ఇవే ఉంటాయని నా అనుమానం, వెతుకు.

బాధితులకు ప్రభుత్వం ఇచ్చే పరిహారం కూడా తేదీలతోనే అడుగు. ఎఫ్‌ఐఆర్ దశలో కొంత, చార్జిషీటు దశలో కొంత, నేరాన్ని బట్టి విడతలుగా రావాలి. 2016 సవరణలో 85 వేల నుంచి 8.25 లక్షల దాకా ఉంది. చార్జిషీటు ఆగితే డబ్బూ ఆగుతుంది, అప్పుడే ఎవరో ఒకరు రాజీ మాట తెస్తారు. ఆలస్యం ఎవరికి లాభమో నీకే అర్థమవుతుంది.

కౌంటర్ కేసులు జాగ్రత్తగా చూడు. మనవాళ్ళు పొద్దున ఫిర్యాదు ఇస్తే అవతలివాళ్ళు సాయంత్రం ఇస్తారు, కొన్నిసార్లు సాయంత్రందానికే ముందు నంబరు పడుతుంది. రెండు ఎఫ్‌ఐఆర్‌ల మీదా తేదీతో పాటు గంటలు కూడా ఉంటాయి. స్టేషన్లో కొట్టారని ఎవరైనా వస్తే ఆలస్యం చేయకుండా సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి రాయి. 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు, కుదరకపోతే ఏడాదికి తగ్గకుండా ఉంచాలని చెప్పింది. అడిగేసరికి కెమెరా పాడైందని చెబుతారు, అయినా రాయి. పాడైందని వాళ్ళు రాసిచ్చే కాగితం కూడా నీకు పనికొస్తుంది.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చేయకు. మన దూరపు బంధువు గట్టు తగాదా ఒకటి ఉంది, కులం గొడవ అందులో లేదు, నాకూ తెలుసు. మొహమాటానికి పోయి దాన్ని అట్రాసిటీ కేసుగా చూడమని మీటింగ్‌లో పట్టుబట్టాను. నిజం బయటపడింది. తర్వాత ఏడాది పాటు నేను ఏ కేసు ఎత్తినా ఎదుటివాళ్ళ మొహంలో ఒక నవ్వు ఉండేది. అసలైన బాధితుల కేసులు కూడా ఆ నవ్వు కిందే నలిగాయి. దీనికి ఎవరినీ అనేది లేదు, నా నిర్వాకమే.

ఇంకొకటి, నీ పేరు పేపర్లో పడగానే ఇంటి ముందు బైకులు ఆగుతాయి. ఎస్సైకి ఒక్క మాట చెప్పండి అంటారు. ఎస్సైలు కూడా పిలుస్తారు, టీ తెప్పిస్తారు, పెద్దమనిషివి కూర్చుని మాట్లాడి పంపించు అంటారు. వెళ్ళావా, మర్నాటి నుంచి నువ్వు స్టేషన్ పంచాయితీల మనిషివి. బాధితుడితో స్టేషన్‌కు వెళ్ళాల్సి వస్తే వెళ్ళు, ఫిర్యాదు రసీదు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇప్పించు, వచ్చెయ్. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపించు, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అర్జీ పెట్టించు. పోలీసులందరూ ఒకటి కాదు, అది కూడా గుర్తుంచుకో. నాకు అందరికంటే మంచి సమాచారం ఇచ్చింది ఒక హెడ్ కానిస్టేబులే.

మీటింగ్ అయిపోగానే మినిట్స్, అంటే అక్కడ ఏం మాట్లాడారో రాసిన కాగితం, కాపీ అడుగు. నువ్వు అడిగింది అందులో లేకపోతే వారంలోపు కాగితం పెట్టి చేర్పించు, లేకపోతే మూడు నెలల తర్వాత నువ్వు అసలు అడగనే లేదంటారు. అజెండా కూడా వారం ముందు పంపమని ఇప్పుడే రాసివ్వు.

నా పాత నోటుబుక్కులు మూడున్నాయి, కేసుకో పేజీ, పేజీకి ఆరు తేదీలు. ఆదివారం పినాకిని రైలెక్కి ఒంగోలు రా, తీసుకుపోదువు. వచ్చేటప్పుడు కావలి వైపు పెండింగ్ కేసులు ఏవైనా నీ చెవిన పడి ఉంటే వాటి కాగితాలు కూడా తీసుకురా, అత్త వంట చేసేలోపు చూసేద్దాం.

మీ మామ