జనవరిలో న్యూజెర్సీ వెళ్తున్న అమ్మాయికి నాలుగు కుండీల ఆకుకూరల మాట

తిరుపతి బైరాగిపట్టెడలో మా చెల్లెలి మిద్దె మీద కూర్చుని ఇది రాస్తున్నాను. తుఫాను వానలు వెలిశాక చల్లిన మెంతికూర పక్కనే తొట్టెల్లో గుబురుగా ఉంది. నిన్న సాయంత్రం ఎదురింటి ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "అక్కా, పాప జనవరిలో న్యూజెర్సీ వెళ్తోంది. అక్కడంతా మంచు అంటున్నారు కదా, నాలుగు ఆకుకూరలైనా వేసుకోవచ్చా? పెట్టెలో గోంగూర విత్తనాలు, అనప విత్తనాలు సర్దనా?" అని అడిగింది. ఈ నెలలో ఇదే ప్రశ్న నన్ను అడిగిన మూడో ఇల్లు వాళ్లది. ఇరవై రెండేళ్లుగా న్యూజెర్సీలోనే ఎడిసన్ అనే ఊళ్లో ఉంటూ, అందులో మొదటి ఏడేళ్లు అపార్ట్‌మెంటు బాల్కనీలోనే పండించుకున్నదాన్ని కాబట్టి వివరంగా చెప్పాలనిపించింది.

ముందుగా, విత్తనాలు సర్దవద్దు తల్లీ. నాటడానికి తెచ్చే విత్తనాలకు మన దేశంలో తీసుకున్న మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని అమెరికా నిబంధన. చెప్పకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలో పారేయడమే కాకుండా జరిమానా కూడా పడవచ్చు. పచ్చి కరివేపాకునైతే అసలు రానివ్వరు. నిమ్మ, నారింజ జాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగుకు కరివేప కూడా ఆశ్రయమే. చదువుకోవడానికి కొత్తగా వెళ్తున్న పిల్ల, దిగిన మొదటి గంటలోనే అధికారుల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఏముంది? గోంగూర, తోటకూర, బచ్చలి విత్తనాలు అక్కడే పొట్లాల్లో దొరుకుతాయి. మెంతులు, ధనియాలు, ఆవాలు మన సరుకుల కొట్టులో వంటకు కొన్నవే మొలుస్తాయి. ఆవిరి పట్టించి శుద్ధి చేసిన ధనియాలు మాత్రం మొలవవు. అందుకే ముందు ఒక చెంచాడు తడి గుడ్డలో మూటకట్టి చూసుకోవాలి.

ఇక అసలు విషయం. అక్కడ పంటను ఆపేది చలి ఒక్కటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని మొదటి రెండేళ్లు తప్పు చేశాను. చలికంటే ముందు చూసుకోవలసింది వెలుతురు. తిరుపతిలో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. ఎడిసన్‌లో డిసెంబరు 21న అది 9 గంటల 15 నిమిషాలకు పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు మించి రాడు, మనం చూసే సాయంత్రపు ఎండలా వాలుగా పడుతుంది. పగలు పది గంటల కన్నా తగ్గితే చాలా కూరలు దాదాపు పెరగడం మానేస్తాయి. చావవు, పెరగవు, ఉన్నచోటే ఉంటాయి. అక్కడ ఆ కాలం నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా. మనకేమో దీపావళి దాటాక, వాన తగ్గాక విత్తనం చల్లడం అలవాటు. ఆ అలవాటుతోనే అక్కడ నవంబరులో పాలకూర చల్లితే రెండాకులు వేసి సంక్రాంతి దాకా అలాగే నిలబడిపోతుంది. మన పంచాంగంలో కార్తీకానికి జరిగే పని అక్కడ సెప్టెంబరు మొదటి, రెండో వారాల్లో అయిపోవాలి. అప్పుడు చల్లితే చీకటి కాలం వచ్చేలోపు మొక్క ముప్పాతిక వంతు ఎదిగి ఉంటుంది. దాని నుంచి నవంబరు వరకు కోసుకోవచ్చు, మార్చిలో మళ్లీ చిగురిస్తుంది.

అనపకాయల సంగతి ఆవిడ అడిగినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. చిత్తూరు వైపు పుట్టినవాళ్లకు చలికాలమంటే చిక్కుడు జాతికి చెందిన ఈ అనపకాయే. గింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లారి అందరూ చుట్టూ కూర్చుని ఒక్కొక్క గింజా పితికి, రాగి సంగటిలోకి పితికిపప్పు చేసుకునే రోజులవి. ఎడిసన్‌లో నాలుగో ఏట ఎలాగో విత్తనం సంపాదించి మే నెలలో పెట్టాను. తీగ బాల్కనీ కమ్మీలన్నీ అల్లుకుని పైవాళ్ల బాల్కనీ దాకా పాకింది. జూన్, జూలై, ఆగస్టు గడిచాయి, ఒక్క పువ్వు లేదు. మన నాటు అనప పగలు పొట్టిగా అయితేనే పూస్తుంది, అక్కడ వేసవి పగలు పదిహేను గంటలు. సెప్టెంబరు చివర పూత వచ్చింది, అక్టోబరులో వేలెడు పిందెలు పడ్డాయి. ఆ నెల చివర్లో ఒక్క రాత్రి మంచు కురిసింది. పొద్దున చూస్తే తీగంతా ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతోంది. ఎరువు చాలలేదేమో, నీళ్లు ఎక్కువయ్యాయేమో అని నెలల తరబడి మథనపడ్డాను, అసలు కారణం తర్వాత తెలిసింది. కాబట్టి నాటు అనప మీద ఆశ పెట్టుకోవద్దు. గోంగూర సంగతి అలా కాదు, మనకు కావలసింది ఆకు. మే మధ్యలో పెడితే సెప్టెంబరు దాకా నిండుగా కోసుకోవచ్చు. తోటకూర, బచ్చలి కూడా ఎండ కోరేవే. చలికి ఓర్చేవి పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ఆవకూర, ముల్లంగి, వెల్లుల్లి.

జనవరిలో దిగేవాళ్లకు ఒక సంతోషకరమైన విషయం ఉంది. వాళ్లు వెళ్లేసరికి పగలు పెరగడం మొదలై ఉంటుంది. మొదటి వారంలోనే ఇంట్లో కిటికీ దగ్గర వేసుకోగలిగింది మెంతికూర. విందుల్లో పులిహోర పెట్టే అల్యూమినియం రేకు పళ్లెం ఒకటి తీసుకుని అడుగున మేకుతో పది పదిహేను చిల్లులు పొడవాలి. రెండు మూడు అంగుళాల మందం మట్టి వేసి, రాత్రంతా నానిన మెంతులను గింజ పక్కన గింజ ఆనేంత దగ్గరగా పరిచి, పైన పలుచగా మట్టి కప్పాలి. తడి ఆరకుండా చూస్తే నాలుగైదు రోజుల్లో మొలకలు మట్టిని పెళ్లల్లా పైకెత్తుకుని లేస్తాయి. ఆ పెళ్లలను చేత్తో ఒత్తకూడదు, కాసిని నీళ్లు చిలకరిస్తే అవే రాలిపోతాయి. మూడు వారాలకు నాలుగంగుళాల ఆకు వస్తుంది, ఒక పళ్లెం ఒక పూట పప్పుకు సరిపోతుంది. వారానికొక పళ్లెం చొప్పున వేస్తే కొట్టులో కొనక్కర్లేదు.

మట్టి అన్నానంటే నేల మీది మట్టి అని కాదు. తోట మట్టి కుండీలో అణిగి గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. పాటింగ్ మిక్స్ అని సంచుల్లో అమ్ముతారు, అదే వాడాలి. పాత ఇళ్లలో అద్దెకుండేవాళ్లు ఇంకో కారణానికి కూడా గోడ పక్క నేలలో ఆకుకూరలు వేయకూడదు. 1978లో అక్కడ ఇళ్ల రంగుల్లో సీసం నిషేధించారు. అంతకుముందు వేసిన రంగు రాలి ఆ మట్టిలో కలిసి ఉండవచ్చు. నేల ఉన్నవాళ్లు న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు మట్టి నమూనా పంపి పరీక్ష చేయించుకోవచ్చు.

ఆకుకూరలకు కుండీ లోతు ఎనిమిది అంగుళాలు చాలు. మన ఇళ్లలోలా కాల్చిన మట్టి కుండలు మాత్రం కొనవద్దు. తడి గడ్డకట్టినప్పుడు పగులుతాయి. ప్లాస్టిక్ బకెట్లు, గుడ్డ సంచులు మేలు. బాల్కనీ ఎంత బరువు మోయగలదో, అద్దె ఒప్పందం ఏమంటుందో ముందే అడగాలి. ఇల్లు వెతికేటప్పుడు వాస్తు పేరుతో దక్షిణం వద్దనే పెద్దలు మనలో చాలామంది. మొక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లకు దక్షిణపు కిటికీ, దక్షిణపు బాల్కనీయే వరం, ఆ వాలు ఎండ పడేది అక్కడే. అటువైపు దొరకకపోతే ఒక ఎల్‌ఈడీ ట్యూబు కొని మొక్కలకు అర అడుగు ఎత్తున కట్టి, రోజుకు 14 గంటలు వెలిగించినా ఆకుకూరలు వస్తాయి. ఇంట్లో పెట్టే కుండీలకు నీళ్లు ఎక్కువైతే సన్న ఈగలు ముసురుతాయి, పైమట్టి ఆరాకే పోయాలి.

బయట పాలకూర మార్చి చివర్లో చల్లుకోవచ్చు, చలికి భయపడేది కాదు. కొత్తిమీర కూడా ఏప్రిల్‌లోనే. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లితే చాలు, కానీ మొలవడానికి రెండు వారాలు ఓపిక పట్టాలి, జూన్ ఎండలకు పూతకు వెళ్లిపోతుంది. వెల్లుల్లి రెబ్బలు అక్టోబరులో గుచ్చితే జూలైకి గడ్డలు. టమాటా, మిరప నారు మే మధ్య దాకా బయటికి తేవద్దు. ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాసిందని తొందరపడి పోగొట్టుకున్నవాళ్లను ఏటా చూస్తాను. డాలస్ వెళ్లేవాళ్లకు ఈ తేదీలు పనికిరావు. అక్కడ సెప్టెంబరు నుంచి మార్చి దాకానే ఆకుకూరల కాలం, వేసవే శత్రువు.

పాలకూర కుండీలను చలికాలంలో గోడవారకు జరిపి, బట్టలు పెట్టుకునే పారదర్శకపు ప్లాస్టిక్ పెట్టెను బోర్లించేదాన్ని. ఎండ వచ్చిన రోజు ఒక అంచు ఎత్తిపెట్టాలి, లేకపోతే ఆవిరికి ఉడుకుతుంది. ఒక ఫిబ్రవరి పొద్దున పెట్టె మీది మంచు తోసి చూస్తే ఆకులు అద్దం ముక్కల్లా బిగిసి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. పోయాయనుకున్నాను. పదకొండింటికి మళ్లీ చూస్తే ఏమీ జరగనట్టు లేచి నిలబడి ఉన్నాయి. గడ్డకట్టిన ఆకును కోయకూడదు, కరిగేదాకా ఆగాలి. చలికి తట్టుకోవడానికి మొక్క తనలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, అందుకే ఆ పాలకూరకు తిరుపతి రైతుబజారులో కొన్నదానికి లేని తీపి ఉంటుంది.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి "మరి కరివేపాకు, పెద్దమ్మా?" అని అడిగింది. మొక్కను ఇక్కడి నుంచి తీసుకెళ్లవద్దు, అక్కడే నర్సరీలో అడుగు అన్నాను. రాత్రి చలి 50 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే మన పదికి, దిగకముందే కుండీని ఇంట్లోకి తెచ్చుకోవాలి. డిసెంబరుకల్లా ఆకు పసుపెక్కి సగం రాలుతుంది. చచ్చిపోయిందని పారేయకూడదు, నీళ్లు తగ్గించి కిటికీ దగ్గర వదిలేయాలి. మా మొక్క ప్రతి మార్చిలోనూ మోడులోంచి ఎర్రటి చిగురు వేస్తుంది, దానికిప్పుడు పదహారేళ్లు.