ఆడకుక్క పొట్ట కింద గడ్డ: వైజాగ్ బండి ఎక్కే ముందు

రాజాం వైపు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. 8 ఏళ్ల లాబ్రడార్ ఆడకుక్క, వెనక కాళ్ల దగ్గర చన్ను పక్కన నిమ్మకాయంత గడ్డ. ఊళ్లో పశువుల డాక్టరు గారు ‘క్యాన్సర్ కావచ్చు, వైజాగ్ పట్టుకెళ్లండి’ అన్నారట. ఎంతవుతుంది, ఏ స్పెషలిస్టుకి చూపించాలి, అసలు వెళ్లడం దండగా అని అడిగారు.

దండగ కాదు. ఆడకుక్కల్లో చన్ను గడ్డలు దాదాపు సగం ప్రాణానికి ముప్పు లేనివే. మిగతా సగంలో కూడా 3 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే తీసేస్తే చాలా కుక్కలు హాయిగా బతుకుతాయి. అసలు చిక్కు ఎంత ఖర్చు అన్నదాంట్లో లేదు, ఏది ముందు ఖర్చు పెట్టాలన్న దాంట్లో ఉంది. మన జిల్లాల్లో జనం తలకిందులుగా పెడతారు. కారు బాడుగ, సెలైన్లు, ఖరీదైన యాంటీబయాటిక్కులు, కాలేయం టానిక్కులు అన్నీ అయిపోతాయి. గడ్డ ఏ రకమో తేల్చే పరీక్ష దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ.

ముందు ఇంట్లోనే కుక్కని వెల్లకిలా పడుకోబెట్టి రెండు వరసల చన్నులూ ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి చూడండి. మామూలుగా 5 జతలుంటాయి. గడ్డలు ఎక్కువగా వచ్చేది వెనకున్న రెండు జతల్లోనే. ఒకటి కనపడిందంటే బఠాణీ గింజంతవి ఇంకో రెండు దాక్కుని ఉండొచ్చు. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి తేదీ రాసుకోండి. చన్నంతా ఎర్రబడి, వేడిగా, పలకలా గట్టిపడి, ముట్టుకుంటే అరుస్తోందంటే అది వేరే వ్యవహారం. ఈనిన కుక్కకి అయితే చన్నువాపు కావచ్చు. ముసలి కుక్కకి అయితే కోత కూడా పనికిరాని చెడ్డ రకం కావచ్చు. ఆ రకంలో కత్తి పెట్టించకండి.

తర్వాత సూది పరీక్ష. 22 లేదా 23 గేజి సూది, 5 మిల్లీలీటర్ల సిరంజి, నాలుగు గాజు పలకలు (స్లైడ్లు), అంతే సరంజామా. మత్తు అక్కర్లేదు. కొవ్వు గడ్డ, చీము గడ్డ, మాస్ట్ సెల్ గడ్డ (చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్) అయితే ఇందులోనే తెలిసిపోతుంది. చన్ను గడ్డ మంచిదా చెడ్డదా అన్నది మాత్రం సూదితో నమ్మకంగా తేలదు, ముక్క పరీక్షే (బయాప్సీ) కావాలి. ఇక్కడో తిరకాసు. సూదితో తీసింది పూసిన పలకల్ని గాలికి ఆరబెట్టి పంపాలి. ఫార్మలిన్ (కోసిన ముక్క కుళ్లకుండా వేసే ద్రవం) సీసా ఉన్న పెట్టెలోనే పెడితే ఆ ఆవిరికి కణాలు రంగు సరిగా పట్టక పాడైపోతాయి. ఒకే కవర్లో సీసా, పలకలు కలిపి పంపేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. గడ్డ ఏంటో తేలకుండా స్టెరాయిడ్ సూది వేయించకండి. ‘ఓ డెక్సా కొట్టండి బాబూ, వాపు తగ్గిపోద్ది’ అనడం మన దగ్గర మహా అలవాటు. వాపు తగ్గుతుంది, నిజమే. మెడ కింద, భుజాల ముందు, మోకాళ్ల వెనక బిళ్లలు కట్టే లింఫోమా అనే క్యాన్సర్ అయితే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ దాన్ని కొన్ని వారాలు కరిగించేస్తాయి. పరీక్షకి పంపితే ఏమీ తేలదు. తిరగబెట్టాక అసలు కీమో మందులకి లొంగడం తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ ‘నయమైపోయింది’ అనుకున్న ఆ నెలే వైద్యానికి అక్కరకొచ్చే నెల.

ఆపరేషనుకి ముందు ఛాతీ ఎక్స్‌రే తప్పదు. ఒక్క ఫిల్ము కాదు, మూడు: కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా. పక్కకి పడుకోబెడితే కింద ఉన్న ఊపిరితిత్తి నలిగి, అందులో మచ్చలు దాక్కుంటాయి. ఫిల్ముకి ఇంత అని తీసుకుంటారు కాబట్టి ఒక్కటి చాలనిపిస్తుంది. ఊపిరితిత్తులకి ఎక్కేసిన జబ్బుకి పొట్ట కోయించి పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చిల్లర. దీనితోపాటు రక్తకణాల లెక్క, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయం పరీక్ష చేయించండి. 8 ఏళ్ల కుక్కకి అవి చూడకుండా మత్తిచ్చే చోట ఆగొద్దు.

ఇక ఆపరేషన్ రోజు. కోత బాగానే జరుగుతుంది, కుట్లు బాగానే పడతాయి, ట్రేలో గడ్డ ఉంటుంది. ‘తీసేశాం కదా, ఇంకేటి’ అని అది చెత్త బకెట్లోకి పోతుంది. ఆరు నెలలకి పక్కనే మళ్లీ లేస్తుంది. అప్పుడు పాతది ఏ రకమో, అంచుల్లో కణాలు మిగిలాయో లేదో చెప్పేవాళ్లుండరు. అందుకని ఆపరేషనుకి ముందే ‘గడ్డ మొత్తం పరీక్షకి పంపాలండీ’ అని డాక్టరు గారికి చెప్పి, సీసా మీరే పట్టుకెళ్లండి. మూత వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా అయితే మంచిది. ముక్క మెత్తగా లోపలికి వెళ్తుంది, ఫార్మలిన్‌లో గట్టిపడి సన్నమూతి సీసాలోంచి బయటికి రాదు.

ఫార్మలిన్ 10 శాతానిది కావాలి. షాపులో దొరికే చిక్కటి దాన్ని ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే అదే. బఫర్ కలిపి తయారుగా దొరికితే ఇంకా మేలు. ముక్క ఎంతుంటే దానికి పది రెట్లు ద్రవం పోయాలి. నిమ్మకాయంత గడ్డని గుండుగా అలాగే పడేస్తే మధ్య భాగం కుళ్లిపోతుంది, ఎందుకంటే ఫార్మలిన్ గంటకి మిల్లీమీటరు మించి దిగదు. సెంటీమీటరు మందాన గాట్లు పెట్టాలి, కాని ఒక వైపు అంటుకునే ఉండాలి. లేకపోతే అంచు ఏదో ల్యాబ్‌కి తెలియదు. తల వైపు అంచుకి ఒక దారం కుట్టు వేస్తే చాలు. రెండు గడ్డలుంటే రెండు డబ్బాలు, మీద పేర్లు. ఫ్రీజర్లో పెట్టకండి, స్పిరిట్లో వేయకండి, సెలైన్లో అసలే వద్దు. ద్రవం ఉన్న పార్శిల్ కొరియర్ వాళ్లు ‘తీసుకోం’ అంటే రెండు రోజులు ఫార్మలిన్‌లో నాననిచ్చి, అదే ద్రవంలో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి పంపొచ్చు. వెంట కాగితం మీద వయసు, జాతి, గర్భసంచి తీశారా, ఏ చన్ను, ఎన్నాళ్లుగా, స్టెరాయిడ్ పడిందా అన్నవి రాయాలి. ముక్క పరీక్ష ఖర్చు మామూలుగా రెండు మూడు వేల లోపే. మొత్తం బిల్లులో అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

స్పెషలిస్టు సంగతి. బోర్డు మీద క్యాన్సర్ అని రాసిందా అని వెతక్కండి. పశువైద్యంలో పీజీ శాఖలు సర్జరీ, మెడిసిన్, పాథాలజీ ఇలా ఉంటాయి. గడ్డ కోయాలంటే సర్జరీలో ఎం.వి.ఎస్సీ. చేసినవాళ్లు, లింఫోమా అయితే మెడిసిన్ వాళ్లు. మీకు దగ్గర్లో, చీపురుపల్లి దాటగానే, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ముందు అక్కడ అడగండి. సర్జరీ ఏ రోజు, ఎక్స్‌రే ఆ రోజు నడుస్తోందా అని ఫోన్లో కనుక్కుని వెళ్లండి. అక్కడ కాకపోతే వైజాగ్ ప్రైవేటు క్లినిక్కులు. పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లకి భువనేశ్వర్ పశువైద్య కళాశాల కూడా ఒక దారి. చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాల దాకా వెళ్లాల్సినవి కొన్నే. ముక్క రిపోర్టు చేతిలో లేకుండా అంత దూరం వెళ్లకండి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ప్రథమ చికిత్సకి మంచిదే గాని, ఈ పనికి కాదు.

అంచనా రాసిమ్మని అడగడానికి మొహమాటపడొద్దు. మత్తు బరువు లెక్కనా గంట లెక్కనా, ముక్క పరీక్ష కలిపారా, గర్భసంచి కూడా అదే మత్తులో తీస్తారా, కుట్లు విప్పడానికి వేరే ఫీజుందా, రాత్రి ఉంచితే చూసే మనిషి ఉంటాడా. ఆఖరిది మరీ ముఖ్యం. కొన్ని చోట్ల రాత్రికి తాళమే కాపలా. పెంపుడు జంతువుల బీమా ఇప్పుడు తీసుకుంటే ఉన్న జబ్బుకి రాదు, దాని జోలికి పోకండి.

కీమో అనగానే లక్షలు అనుకుంటారు. వీధికుక్కల జననాంగాల దగ్గర కాలిఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డ ఉంటుంది, దాన్ని టీవీటీ అంటారు. కుక్క నుంచి కుక్కకి అంటుకుంటుంది. కోయక్కర్లేదు. విన్‌క్రిస్టిన్ కిలోకి 0.025 మిల్లీగ్రాములు, వారానికోసారి నరంలోకి, నాలుగు నుంచి ఆరు వారాలు. 20 కిలోల కుక్కకి అర మిల్లీగ్రాము, అంటే 1 మిల్లీగ్రాము సీసాలో సగం. మనుషుల మందే, సీసా వంద రూపాయల అటూ ఇటూ. చాలా కుక్కలకి పూర్తిగా నయమవుతుంది. దాన్ని సున్నం, పసరు పెట్టి కాల్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక్క జాగ్రత్త. చుక్క నరం బయట పడితే అక్కడి కండ కుళ్లి ఊడిపోతుంది. కాబట్టి కాన్యులా పెట్టి, సెలైన్‌తో సరిగా పారుతోందో చూసి, అప్పుడే ఎక్కించాలి. గింజుకునే కుక్కకి వీధి అరుగు మీద వేసే మందు కాదిది.

లింఫోమా అలా కాదు. నాలుగు మందుల వరస ఆరు నెలల దాకా సాగుతుంది, చాలా కుక్కలకి దక్కేది సుమారు ఏడాది. ఒక్క ప్రెడ్నిసొలోన్ మీదే ఉంటే నెలా రెండు నెలలు. ఆ నాలుగింటిలో ఒకటైన డాక్సోరుబిసిన్ శరీర వైశాల్యం లెక్కన ఇస్తారు. 30 కిలోల లాబ్రడార్‌కి దాదాపు 30 మిల్లీగ్రాములు. 50 మిల్లీగ్రాముల సీసా విప్పితే 20 పారబోయాలి, 10వి మూడు తెమ్మంటే సరిపోతుంది. ఇలాంటివి అడిగితేనే చెప్తారు. ప్రతి డోసుకి ముందు తెల్లకణాల లెక్క చూడాలి. డోసు పడ్డాక అయిదో రోజు నుంచి పదో రోజు దాకా థర్మామీటరుతో చూస్తుండండి. 103.5 ఫారెన్‌హీట్ దాటి, తిండి మానేస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మూడు రోజులు దాని ఉచ్చ, పెంట తొడుగులు వేసుకుని ఎత్తాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు దగ్గరికి రాకూడదు. మాత్రలు పొడి చేసి అన్నంలో కలపకూడదు.

నొప్పికి మెడికల్ షాపు మాత్రలు వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపుని పుండు చేసి కిడ్నీలు దెబ్బతీస్తాయి. పిల్లికి పారాసెటమాల్ సగం మాత్ర చాలు, ప్రాణం పోతుంది. కుక్కలకి వాడే నొప్పి మందు మెలాక్సికామ్‌ని డాక్టరు బరువు చూసి రాస్తారు. అది నడుస్తుండగా స్టెరాయిడ్ కలపకూడదు. ఇంకోటి, హీట్ (ఎద) రాకుండా వేయించే హార్మోన్ సూదులు చన్ను గడ్డలకి, గర్భసంచి చీముకి దారి తీస్తాయి. మొదటి హీట్‌కి ముందే గర్భసంచి తీయించిన కుక్కలో ఈ గడ్డలు అరుదు. మీ లాబ్రడార్‌కి ఆ వయసు దాటిపోయింది, తర్వాత తెచ్చుకునే పిల్లకి గుర్తుంచుకోండి.

మందు పనిచేయని దశ వస్తే ‘ప్రశాంతంగా పంపే సూది’ గురించి ముందే అడిగి పెట్టుకోండి. ఇంటికి వస్తారా, ముందు పూర్తి మత్తు ఇస్తారా అని. స్పృహలో ఉండగా నేరుగా పొటాషియం క్లోరైడ్ ఎక్కించడం చిత్రహింస, ఒప్పుకోకండి.

ప్రయాణం మాట. రైల్లో థర్డ్ ఏసీలోకి, స్లీపర్లోకి కుక్కని రానివ్వరు. ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలోని కుక్క పెట్టె. రోగం ఉన్న కుక్కకి ఆ పెట్టె వద్దు, కారే నయం. ఎండాకాలమైతే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరండి. ఆపరేషన్ రోజైతే ముందు రాత్రి 8 తర్వాత తిండి పెట్టొద్దు, నీళ్లు పొద్దున్న దాకా ఇవ్వొచ్చు. పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒక ఫైల్లో పెట్టుకుని, ఎక్స్‌రేలు ఫోన్లో ఫోటోలుగా కాకుండా అసలు ఫిల్ములే తీసుకెళ్లండి.