విశాఖ పోతున్న పాపకు

పాపా,

సంక్రాంతి అయిపోగానే నువ్వూ అల్లుడూ విశాఖపట్నం పోతున్నారని మీ అమ్మ చెప్పింది. మీరు రాసుకున్న లిస్టు కూడా వాట్సాప్‌లో పంపింది. మూడు రోజులకు పద్నాలుగు చోట్లా! చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది. సగం కొట్టేయండి.

మొదటిసారి మేం పోయినప్పుడు, సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే చూద్దామని రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్స్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చున్నాం. పొట్లాలు ఖాళీ అయ్యాయి, చీకటీ పడింది, సూర్యుడు మాత్రం నీళ్ల వైపే రాలేదు. తూర్పు సముద్రం కదా, పొద్దు మా వీపు వెనక ఎప్పుడో గూట్లో పడింది! కడప వాళ్లం, మాకేం తెలుసు. మీరు తెల్లవారుజామునే పోండి. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, ఆరుకల్లా ఇసుకలో ఉండాలి. ఆ ఒక్క పూట ఇంకే పనీ పెట్టుకోవద్దు.

నీళ్లలోకి మాత్రం జాగ్రత్త. అక్కడి అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది, రెండడుగులు వేస్తే లోతు. రుషికొండలో మీ పెదనాయన మోకాలి లోతులో నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, ఫోటో కోసం నవ్వినాడు. వెనక నుంచి ఒక అల నెత్తి మీద పడింది. మనిషి లేచినాడు గానీ కళ్లద్దాలు లేవు. మర్నాడు అరకు లోయ మొత్తం నేను చెప్తుంటే విన్నాడు. "ఇప్పుడు ఏముంది?" "జలపాతం." "ఎంత పెద్దది?" దారి పొడుగునా ఇదే. నిజం చెప్పాలంటే, ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్న రోజు ఇంకొకటి లేదు. నీ బంగారు గొలుసు ఇంట్లోనే పెట్టిపో, పసుపు తాడు చాలు.

అరకుకు పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైల్లో పోండి. దానికి అద్దాల పెట్టె కూడా ఉంటుంది, టికెట్లు ముందే తీసుకోవాలి. 50కి పైగా సొరంగాలు దాటుతుంది. చీకట్లోంచి బయటపడిన ప్రతిసారీ లోయ ఇంకాస్త కిందికి పోయినట్టు ఉంటుంది. తిరుగు ప్రయాణానికి ఆ రైలు కోసం కూర్చోవద్దు, చీకటి పడితే ఏమీ కనపడదు. ఘాట్ రోడ్డులో కారు మాట్లాడుకోండి. బెలుం గుహలు చూసినాం కదా, మళ్లీ బొర్రా గుహలెందుకు అంటాడేమో అల్లుడు. బెలుంలో సందుల్లో దూరుకుంటూ పోతాం, బొర్రాలో తలెత్తి చూడాలి, కప్పు అంత ఎత్తు. ఆ గుహల పైనే రైలు పట్టాలు కూడా పోతాయి. అరకులో చలికి స్వెటర్ కావాలి. విశాఖలో మాత్రం మనూరి పొడి ఎండ కాదు, చెమట ఆరనే ఆరదు, నూలు బట్టలే పెట్టుకో.

సోమవారం దిగుతున్నారు కదా, ఆ రోజు కురుసుర మ్యూజియంకు సెలవు. మేం ఎండలో నడిచిపోయి గేటు చూసి వచ్చినాం. మంగళవారం పోండి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన జలాంతర్గామి అది, 91 మీటర్ల పొడవు. లోపల గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి, చీర వద్దు, చుడీదార్ వేసుకో. నేవీలో పనిచేసి రిటైరైన వాళ్లే చూపిస్తారు, తొందరపడకుండా వాళ్లు చెప్పేది వినండి. అంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎట్లా ఉన్నారో అర్థమవుతుంది.

సింహాచలం తప్పకుండా పోండి. స్వామి చందనం పూతలోనే కనపడతాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడే. కైలాసగిరి సాయంత్రం పెట్టుకోండి, పైనుంచి తీరం వంపు తిరిగి కనపడుతుంది. భీమిలి, తొట్లకొండ ఒకే దారిలో ఉంటాయి, ఓపికుంటే చూడండి. మాల్స్ కొట్టేయండి, అవి ఎక్కడైనా ఉంటాయి.

వచ్చేటప్పుడు అరకు కాఫీ పొడి ఒక పొట్లం తీసుకురా. మీ పెదనాయన పక్కనే ఉండి, అల్లుడిని ఇంకో జత కళ్లద్దాలు పెట్టుకోమని రాయమంటున్నాడు. అబ్బాయికి కళ్లద్దాలే లేవంటే వినడం లేదు.

మీ పెద్దమ్మ
కడప