వరంగల్ వస్తున్న బిడ్డకు: ఏం తినాలి, ఏం కొనాలి

చిరంజీవి బిడ్డకు మీ పెద్దమ్మ దీవెనలు.

నువ్వూ అల్లుడూ దోస్తులతో కలిసి రెండు రోజులకు వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి హోటళ్ల లిస్టు పంపమన్నావట. ఆ పేర్లు నీ ఫోన్‌లోనే దొరుకుతాయి. వాటినే నమ్ముకొని వస్తే హైదరాబాద్‌లో తినే బిర్యానీయే ఇక్కడా తిని పోతారు. ఈ ఊరి తిండి చాలావరకు పెద్ద బోర్డులు లేని చోట, ఏదో ఒక వేళకే దొరుకుతుంది. వస్తువుల సంగతీ అంతే. గుడి ముందు దుకాణంలో కంటే అవి తయారయ్యే వాడలోనే కొనాలి.

పొద్దున టిఫిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇడ్లీ, పూరీ, బోండా అన్ని ఊళ్లలో ఉన్నట్టే ఉంటాయి. ఏదో ఒకటి తినేసి, ఎండ ముదరకముందే వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి చూసుకోండి.

సాయంత్రం మాత్రం సర్వపిండి కోసం ఖాళీ పెట్టుకో. ఇళ్లల్లో చేసుకునే వంటే గానీ, హనుమకొండ చౌరస్తా వైపు పిండివంటలు అమ్మే చిన్న దుకాణాల్లో అడుగు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లిగడ్డ వేసి కలుపుతారు. ఆ ముద్దను లోతైన గిన్నె లోపలే, అడుగు నుంచి అంచుల దాకా పల్చగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద ఉంచుతారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉండాలి. ఒకటి తీశాక గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తడం కుదరదు, అందుకే తొందరపెట్టినా లాభం లేదు. పొద్దున చేసి పేర్చి పెట్టినవి ఇస్తే వద్దను. చల్లారిన సర్వపిండి తోలులా సాగుతుంది, అది తిని మా ఊరి వంటకు పేరు పెట్టకు.

రాత్రికి జొన్నరొట్టె తినండి. పొద్దు గూకాక రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకొని రొట్టెలు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. చేత్తో తట్టి చేసేవాళ్ల దగ్గరే నిలబడు. అక్కడే ఇచ్చే పచ్చడి చాలు గానీ, అల్లుడికి నీసు కావాలంటే దగ్గరి కర్రీ పాయింట్‌లో తలకాయ కూరో బోటీయో తీసుకోండి. కారం గట్టిగానే ఉంటుంది, మీ దోస్తుల్లో తట్టుకోలేనివాళ్లుంటే పెరుగు పక్కన పెట్టుకోమను.

మధ్యాహ్నం భోజనానికి బగారన్నం, నాటుకోడి కూర, పచ్చిపులుసు ఉన్న మెస్ ఏదైనా సరే. పచ్చిపులుసు ఉందా అని కూర్చునే ముందే అడుగు. లేదంటే వేరేచోటికి నడువు. ఉడికించని చింతపండు పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పిసికి చేసే ఆ చారు లేకుండా నాకైతే బగారన్నం దిగదు. చేప కావాలంటే కొర్రమట్ట అని పేరు పెట్టి అడుగు. రంజాన్ నెలలో వస్తే మండీ బజార్‌లో హలీం తినకుండా పోవద్దు. అంకాపూర్ దేశీకోడి సంగతి మీ అమ్మ చెప్పిందట గానీ, అది నిజామాబాద్ జిల్లా. ఈ రెండు రోజుల్లో దాన్ని ఇరికించకు.

రామప్పకు ఎట్లాగూ పోతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. ఆ దారిలో తిండిని అదృష్టానికి వదలొద్దు, పొద్దున్నే కట్టించుకొని పోండి. వానాకాలమైతే రోడ్డు పక్కన కాల్చిన మక్కకంకులు దొరుకుతాయి. ఇంకో మాట. రామప్ప దగ్గర గానీ కోటలో గానీ చెక్కిన రాతిముక్క కనిపిస్తే గుర్తుగా ఉంటుందని ఏరుకొని సంచిలో వేసుకునేవాళ్లున్నారు. మీవాళ్లెవరూ ఆ పని చేయకుండా చూసుకో.

ఇక కొనడం. ఒక్కటే కొనేటట్టయితే కొత్తవాడకు పోయి షత్రంజీ కొను. మీ వైపు జంపఖానా అంటారు. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. అంతకు చాలా ముందే, 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఇక్కడి తివాచీలు వెళ్లాయి. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి, నేసేవాళ్లలో నా వయసువాళ్లే ఎక్కువ. కొత్తవాడలో దిగి, మగ్గం నడిచే ఇల్లెక్కడ అని ఎవరిని అడిగినా చూపిస్తారు.

షత్రంజీ చూసేటప్పుడు ముందు తిరగేయి. నేసిన డిజైన్ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, ఇటు పరిచినా అటు పరిచినా వాడుకోవచ్చు. అచ్చు వేసిన రకమైతే వెనక వెలిసినట్టుంటుంది. అదీ ఇక్కడిదే, చవక కూడా. కానీ నేసినదాని ధర చెప్పి అచ్చుది ఇవ్వకూడదు కదా. తర్వాత సగానికి మడిచి అంచులు కలుస్తున్నాయో లేదో చూడు. వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే జల్లెడలా కనిపించకూడదు. తడి చేతిరుమాలుతో ఎర్రరంగు మీద రుద్దు, రంగు అంటితే వద్దు. ఇవన్నీ వాళ్ల ముందే చెయ్యి, మంచి సరుకు నేసేవాళ్లు ఏమీ అనుకోరు. బేరం మాత్రం కూరగాయల దగ్గర ఆడినట్టు ఆడకు. రెండు మూడు తీసుకుంటే ఎంతకిస్తారని అడుగు, వాళ్లే తగ్గిస్తారు. మగ్గం దగ్గర ఫొటో తీసుకోవాలంటే అడిగి తీసుకో.

వంటింటికి ఏదైనా కావాలంటే చపాటా మిర్చి. లావుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరగాయకు ఆ రంగు ఇంకే మిరపతోనూ రాదు. దీనికోసం ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు పోతామంటారేమో, అక్కడ బేరం బస్తాల్లెక్కన జరుగుతుంది, మీకు కిలో ఎవరు తూస్తారు? సీజన్‌లో ఒకసారి చూసి రావచ్చు గానీ ముక్కుకు గుడ్డ కట్టుకొని పోవాలి. కిరాణా దుకాణంలో తొడిమెలున్న ఎండు కాయలే కొను. పొడి కొంటే అందులో ఏ మిరప పడిందో చెప్పలేం.

ఇత్తడి సామాను వరంగల్‌లో వెతకొద్దు. కారులో తిరిగిపోయేటప్పుడు జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది, అక్కడ ఆగండి. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తేలుస్తారు. వెనకవైపు చెయ్యి పెట్టి చూడు, సుత్తిదెబ్బల గుంటలు తగలాలి. చేర్యాలలో రంగులద్ది చేసే నకాషీ బొమ్మలు కావాలంటే జనగామ నుంచి పక్కదారి పట్టాలి, దానికి మరో పూట పడుతుంది. పిల్లలకైతే చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి చేసిన అక్కడి మాస్కులు బాగా నచ్చుతాయి. మీకు టైం ఉంటేనే పోండి.

సకినాలు చివరి రోజే కొనండి. సంక్రాంతి పిండివంటే అయినా దుకాణాల్లో ఏడాదంతా ఉంటాయి. ముందు ఒకటి విరిచి చూడు, టక్కున విరగాలి. వాము వాసన రావాలి, పాత నూనె కంపు రాకూడదు. ప్లాస్టిక్ కవర్లో వేసుకుంటే ఇంటికి చేరేసరికి పొడే మిగులుతుంది, అందుకని ఒక ఖాళీ స్టీలు డబ్బా వెంట తెచ్చుకో. కొనడానికి టైం చాలకపోతే టెన్షన్ పడకు, డబ్బా నాకివ్వు. నూనె పొయ్యి మీద పెట్టి నేనే చేసిస్తాను, కాకపోతే ఒకరోజు ముందు ఫోన్ చెయ్యి, బియ్యం నానబెట్టాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ